కదలని బండికిని కందెన కావలెను

గృహిణి చేతికి నూనె యంటని దినము లేదు. దేవుని దీపమున చమురు పోయునది ఆమెయే. పోపునకు నూనె కాచునది ఆమెయే. పండుగనాడు బిడ్డల తలలంటునది ఆమెయే. ఏ నూనె యెన్ని దినములు నిలువ యుండునో, ఏది ముక్కవాసన వేయునో, ఒకమారు కాగిన నూనె మరల దేనికి పనికివచ్చునో ఆమెకు పాఠము చెప్ప నక్కరలేదు. అట్టి గృహిణి తన వాకిట నిలిచియున్న కారులోని నూనెను గూర్చి మాత్రము “అది మగవారి సంగతి” యని యూరకుండుట మన యిండ్లలో వాడుక యైనది. నేనును అట్లే యుంటిని. కాదు, అంతకంటె తప్పు చేసితిని. తెలియని సంగతిలో తెలిసినట్లు సలహా చెప్పితిని. దానివలన మా యింట నొకరాత్రి కలిగిన యాపదను, పిమ్మట నేను నేర్చుకొన్న విషయములను సోదరీమణులతో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు.

బండి సంగతి స్త్రీలకేల యని యెవరైన నందురేమో. యుద్ధమధ్యమున దశరథుని రథపు ఇరుసు చీల యూడిపోగా కైక తన చేతినే అడ్డుపెట్టి రథమును నిలిపెనని మన పెద్దలు కథ చెప్పుదురు. అది పురాణము. చరిత్రమున చూతమన్నచో, 1888 వ సంవత్సరమున జర్మనీదేశమందు బెర్తా బెంజ్ అను నామె తన భర్త నిర్మించిన మోటారుబండిపై ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌నకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో దానిని పొడిచి శుభ్రపఱచెను. ఇంధనమునకు మందుల దుకాణమునకు పోయెను. మోటారుబండిపై మొదటి దూరప్రయాణము చేసినదియు, దారిలో దానిని బాగుచేసికొన్నదియు ఒక యిల్లాలే. కావున మనము సిగ్గుపడ నక్కరలేదు.

ఇక మా యింటి కథ. మావారు బడిపంతులు. బడి మా వీధికి రెండు వీధుల యవతలనే యున్నది, నడచియే పోవుదురు. మా అత్తగారికి ఆయాసపు జబ్బు కలదు. ఆసుపత్రి యున్న పట్టణము మాకు పదునాలుగు కిలోమీటర్ల దూరము. రాత్రివేళ ఏమైన నైనచో ఒకరి గడపకు పోయి అడుగ నక్కరలేకుండ నుండవలెనని 2018 లో ఒకరు వాడిన చిన్న పెట్రోలు కారును కొంటిమి. అది మా యింట విలాసవస్తువు కాదు; అత్తగారి మందులపెట్టె వంటిది. కూరగాయలకు, గుడికి, నెలకొకమారు డాక్టరు కడకు తప్ప అది గేటు దాటదు.

ఇంటిలెక్కలు వ్రాయునది నేను. 2019 దసరాకు ముందు ఆయిలు మార్పించితిమి. మరుసటి సంవత్సరము మార్చి నెలలో దేశమెల్ల తలుపులు మూసికొన్నది, బడులు మూతబడెను, కారు నెలలకొలది కదలలేదు. 2020 దసరా వచ్చినప్పుడు “ఈ యేడు సర్వీసింగు చేయింపవలెను గదా” యని మావారనిరి. నేను కారువెంట వచ్చిన పుస్తకము తెచ్చి చూపితిని. అందులో “పదివేల కిలోమీటర్లు” అని యున్నది. “మనము వేయియైన తిరుగలేదు. తిరుగని బండిలో నూనె యేల చెడును? సీసాలోని నూనె సీసాలోనే యున్నట్లు గదా” యంటిని. ఆయన ఊరకుండిరి. 2021 లోను అదే మాట. 2022 లోను అదే మాట. మూడేండ్లలో కారు నాలుగువేల కిలోమీటర్లైన పోలేదు. ఏటికి రెండువేల అయిదువందల చొప్పున ఏడువేల అయిదువందల రూపాయలు మిగిల్చితినని లెక్కలపుస్తకమున సంతోషముతో వ్రాసికొంటిని.

ఇందొక చోద్యము వినుడు. ఆ మూడేండ్లును విజయదశమినాడు కారును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలదండ వేసి, చక్రములక్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించితిమి. పూజకు లోపము చేయలేదు. బానెట్టు తలుపు మాత్రము ఒక్కమారైన నెత్తి చూడలేదు.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారమునకు, చలిరాత్రి రెండు గంటలవేళ అత్తగారికి ఊపిరి యాడలేదు. ఆమెను వెనుకసీటున నా యొడిలో ఆనించుకొని కూర్చుంటిని. మావారు కారు నడిపిరి. ఊరు దాటి అయిదారు కిలోమీటర్లు పోవునప్పటికి ఎదుటి పలకపై ఎఱ్ఱని చిన్న దీపము వెలిగెను. నూనెడబ్బా ముక్కునుండి చుక్క జారుచున్నట్టి బొమ్మ యది. మా యిద్దఱికిని దాని యర్థము తెలియదు. “ఆపుదునా?” యని ఆయన యడిగిరి. అత్తగారి ముఖము చూచి “పోనిండు” అంటిని. మఱి రెండు నిమిషములకు ఇంజనులో రోకలితో దంచినట్లు చప్పుడు మొదలయ్యెను. పిమ్మట నొక్క కుదుపుతో కారు నిలిచిపోయెను. ఇరుప్రక్కల చెఱకుతోటలు, మంచు, దీపము లేదు. ఆ పావుగంటలో నేను తలచుకొన్నది ఏడువేల అయిదువందల రూపాయలనే.

దైవము దయదలచెను. రైతుబజారునకు కూరగాయలు కొనిపోవు ఆటోట్రాలీ యొకటి వచ్చెను. ఆ అబ్బాయి టొమాటో బుట్టలను ప్రక్కకు త్రోసి అత్తగారికి చోటిచ్చెను. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిరి. తెల్లవాఱుసరికి ఆమె తేరుకొనెను. మూడవనాడు మంచముపై కూర్చుండి నన్ను బిలిచి, “అమ్మాయీ, మా పుట్టింట నాలుగు జతల యెడ్లు, రెండు బండ్లు నుండెడివి. పని లేని వానకాలములో బండి చావడిలో నిలిచియున్నను మా నాయన కందెన వేయుట మానలేదు. తిరుగని యిరుసే ముందు తుప్పుపట్టునని చెప్పెడివాడు” అనెను. నన్ను నిందింపలేదు. నిందించినచో బాగుండునని నాకు తోచెను.

కారును త్రాటితో కట్టి మెకానిక్కు షెడ్డుకు చేర్చిరి. ఇంజను అడుగుతొట్టిని, వారు చాంబరు అందురు, విప్పి నాకు చూపిరి. అందు నూనె యుండవలసినచోట సగమునకు తక్కువగ నల్లని ద్రవమును, దాని యడుగున కాటుకయు బంకయు కలిపినట్టి మడ్డియు నుండెను. నూనెను పైకి పీల్చు గొట్టపు మూతికి జల్లెడ యొకటి కలదు; ఆ మడ్డి జల్లెడ కన్నులను పూడ్చివేసినది. నూనె పైకెక్కలేదు. లోపలి బేరింగులు ఒరసికొని చెడినవి. మరమ్మతునకు నలువది రెండువేల రూపాయలైనవి. మిగిల్చినది ఏడువేల అయిదువందలు. చెల్లించినది నలువది రెండువేలు. ప్రాణభయము లెక్కలో చేరదు.

ఇంటికి వచ్చి ఆ పుస్తకమును మరల తీసితిని. “పదివేల కిలోమీటర్లు” అను మాట ప్రక్కనే “లేదా ఒక సంవత్సరము, రెంటిలో ఏది ముందైన నది” యని యున్నది. పద్యమున ఒక్క పదము విడువక యన్వయము చెప్పుటకు మా తండ్రిగారు నాకు చిన్ననాటనే నేర్పిరి. అట్టి నేను ఒక్క వాక్యములో సగము చదివి సగము విడిచితిని.

ఇప్పుడు ఆ రెండవ సగమునకు కారణమేమో చూతము. ఇంజనులోని నూనె చేయు పని యొక్కటి కాదు. లోహము లోహమును ఒరయకుండ నడుమ సన్నని పొరగా నిలుచును. వేడిని మోసికొనిపోవును. మసిని, ధూళిని తనలో నిలుపుకొని వడపోతబుట్ట యగు ఫిల్టరు కడకు చేర్చును. తుప్పు పట్టకుండ కాపాడును. పిస్టను రింగుల సందులను మూసియుంచును. ఈ పనులన్నియు వట్టి నూనె చేయలేదు. మసిని తేల్చియుంచునవి, ఆమ్లములను విఱుచునవి, తుప్పును, ఒరపిడిని అడ్డగించునవి మొదలగు రసాయనములు అందు కలిపియుందురు. ఊరగాయకు ఉప్పు, నూనె యెట్టివో ఇంజను నూనెకు ఇవి యట్టివి. ఇవి పనిచేయుచు పనిచేయుచు తఱిగిపోవును.

పెట్రోలు మండునప్పుడు నీరు పుట్టునని మనలో ననేకులకు తెలియదు. లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు లీటరు నీరే ఆవిరిగా పుట్టును. అందు అధికభాగము పొగగొట్టము వెంట పోవును. కొంత మాత్రము పిస్టను రింగుల సందులనుండి జారి అడుగుతొట్టికి దిగును. ఇంజను బాగుగ వేడెక్కి చాలసేపు తిరిగినచో ఆ తేమ మరల ఆవిరియై బయటికి పోవును. కూరగాయల యంగడికి పోయి పదినిమిషములలో తిరిగి వచ్చు కారులో నూనె అంతగా వేడెక్కదు. ఇంజనును చల్లార్చు నీరు వేడెక్కినను నూనె దానికంటె ఆలస్యముగ వేడెక్కును. కావున గేజిముల్లు నడిమికి వచ్చినది చాలునని తలపరాదు. మూతబెట్టిన గిన్నెలో ఆవిరి చల్లారి మూతకు చెమ్మ పట్టినట్లు, చల్లారిన ఇంజను లోపల తేమ నిలుచును.

చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువపాళ్లలో పోవును. అందు మండక మిగిలినది గోడలవెంట జారి నూనెలో కలిసి దానిని పలుచన చేయును. మంటవలన పుట్టిన పదార్థములు తేమతో కూడి ఆమ్లములగును. వానిని విఱుచు రసాయనము తఱిగినపిమ్మట ఆ యామ్లము బేరింగులను తినును. గాలి తగిలిన నూనె కాలక్రమమున తానే చిక్కనై బంకగును. ఇవన్నియు చేరి మడ్డి యగును. అందుచేతనే కారు తయారుచేయువారి పుస్తకములు పలుమార్లు చేయు చిన్న చిన్న ప్రయాణములను ‘కఠినమైన వాడుక’ యని పేర్కొని, అట్టివారు సాధారణపు గడువుకంటె ముందే ఆయిలు మార్పవలెనని చెప్పుచుండును. మనము ‘బండిని సుకుమారముగ చూచుకొనుచున్నాము’ అనుకొనుట వారి లెక్కలో కఠినమన్నమాట!

సీలు విప్పని డబ్బాలో నూనె కొన్ని యేండ్లు నిలువయుండును. నేనాడిన సీసామాట అంతవఱకు నిజమే. ఒకమారు ఇంజనులో పోసి తిప్పిన నూనె మాత్రము డబ్బాలోని నూనె కాదు. తాలింపు వేసిన నూనెను మరల సీసాలో పోసి కొత్తనూనె యనగలమా?

నూనెకు ప్రాయము తీఱుట మన పూర్వులెఱుగని సంగతి కాదు. ఆముదమున గడ్డిమసి కలిపి కందెన చేసి, వెదురుగొట్టమున పోసి బండిక్రింద వ్రేలాడగట్టెడివారు. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున కొన్ని విమానముల ఇంజనులకును ఆముదమే వాడిరి. పెట్రోలు దానిని సులభముగ కరిగింపలేదు గనుక అది ఒరపిడికి బాగుగ నిలిచెను. గాలికి, వేడికి బంకగట్టుట దాని దోషము. కావున ఇంజనులను తఱచుగ శుభ్రము చేయవలసి యుండెను. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల చేలలో పండు ఆముదమునకు ఆకాశమున నింత పని కలిగెనని తెలిసి మా అత్తగారు మిక్కిలి మురిసిరి.

నేను పడిన మఱియొక భ్రమ కూడ చెప్పుదును. కారు కదలని నెలలలో వారమునకొకమారు గేటులోనే ఇంజను తిప్పి, పది నిమిషములుంచి ఆపుచుంటిమి. అది మంచిదని తలచితిమి. నిలిచియున్న కారులో ఇంజను నెమ్మదిగ తిరుగును. నూనె తగినంత వేడెక్కదు. తేమ మాత్రము చేరును. దీనికంటె పదియేను దినములకొకమారైన ఊరి వెలుపలి రహదారిపై అరగంట ఆగక పోయి వచ్చుట మేలు. నూనె వేడెక్కును, తేమ, పెట్రోలు ఆవిరియై పోవును, బాటరీయు కొంత నిండును. ఇప్పుడు మేము అత్తగారిని నెలకు రెండు ఆదివారములు ఇరువది కిలోమీటర్ల దూరమునున్న చెఱువుగట్టుకు తీసికొనిపోవుచున్నాము. ఆమెకు గాలి మార్పు. ఇంజనుకు తేమ వదలుట. అట్లని ఈ ప్రయాణము ఏటి ఆయిలుమార్పునకు బదులు కాదు.

నూనెను పరీక్షించుట అన్నమునకు ఎసరు చూచుటకంటె కష్టము కాదు. కారును సమతలమున నిలిపి, ఇంజను ఆపి, నూనె క్రిందికి దిగువఱకు అయిదు పది నిమిషములాగవలెను. బానెట్టు ఎత్తినచో సాధారణముగ పసుపుపచ్చని పిడిగల పొడుగైన పుల్ల యొకటి కనబడును. దానినే డిప్‌స్టిక్కు అందురు. దానిని బయటికి లాగి, నూలుగుడ్డతో తుడిచి, మరల పూర్తిగ లోనికి దోపి, రెండవమారు లాగి చూడవలెను. చివర రెండు గుర్తులుండును. నూనె ఆ రెంటినడుమ నుండవలెను. క్రిందిగుర్తునకు దిగినచో వెంటనే పోయింపవలెను; పైగుర్తు దాటి పోయుటయు తప్పే.

రంగు చూచి తొందరపడకుడు. నూనె నల్లబడినంత మాత్రమున చెడినదని కాదు. మసిని తనలోనికి తీసికొనుట దాని పనియే. పాలుకలిపిన కాఫీవలె తెల్లగ నున్నచో తేమయో, ఇంజనును చల్లార్చు నీరో కలిసినదని యర్థము; మెకానిక్కునకు చూపవలెను. పెట్రోలు వాసన గట్టిగ వచ్చినను, పోయకయే మట్టము పెరిగినను పెట్రోలు కలియుచున్నదని గ్రహింపవలెను. చిట్టచివర, ఆ యెఱ్ఱని నూనెడబ్బాదీపము. కారు నడుచునప్పుడు అది వెలిగినచో మఱి అడుగు ముందుకు వేయరాదు. ప్రక్కకు తీసి ఇంజను ఆపివేయవలెను. ఆనాడు నేను “పోనిండు” అనక “ఆపుడు” అనియుండినచో, అత్తగారు ఆటోట్రాలీలోనే పోయియుందురు గాని, బేరింగులు బహుశః దక్కియుండెడివి.

ఆయిలు మార్పించునప్పుడు కొన్ని మెలకువలు కావలెను. డబ్బాపై 5డబ్ల్యు-30, 0డబ్ల్యు-20 వంటి గుర్తులుండును. మొదటి యంకె చలిలో నూనె యెంత సులభముగ పాఱునో, రెండవది వేడిలో నెంత చిక్కన నిలుచునో తెలుపును. పుస్తకమున నేది వ్రాసియున్నదో అదియే పోయింపవలెను. చిక్కనిది బలమని కొందఱు చెప్పుమాట నమ్మరాదు. సీలుగల డబ్బాను మన యెదుట విప్పింపవలెను. నకిలీ సరకు బజారున లేకపోలేదు. వాడిన డబ్బాలే అందుకు సాధనములు గనుక, ఖాళీయైనపిమ్మట డబ్బాకు కన్నము పొడిపించుట మంచిది. నూనెతోపాటు ఫిల్టరును మార్పింపవలెను; మురికి చేటలో కొత్తబియ్యము చెరుగుదుమా?

తీసిన పాతనూనెను కాలువలో పోయనీయరాదు. మన దేశమున 2016 నాటి నియమముల ప్రకారము అది అపాయకరమైన వ్యర్థపదార్థములలో చేరినది. దానిని పోగుచేసి మరల శుద్ధిచేయువారికి అప్పగించు షెడ్డునే యెన్నుకొనుడు. చెదలకని తలుపులకు పూయుటకు ఇంటికి తెచ్చుకొనువారును కలరు. చర్మమునకు అది హానికరము, బిడ్డలు తిరుగు ఇంట అసలే తగదు.

కారు లేని సోదరీమణులు ఇది తమకు సంబంధింపని వ్యాసమని ప్రక్కన బెట్టకుడు. మీరు బడికి, బజారునకు నడుపు స్కూటరున కూడ ఇంజనునూనె కలదు. అది చాలవఱకు లీటరునకు లోపుగనే యుండును. కొంచెపు నూనెలో మురికి త్వరగ చిక్కబడును. పైగా స్కూటరు ప్రయాణములన్నియు చిన్నవియే. దానికిని పుస్తకమున కిలోమీటర్ల గడువు, నెలల గడువు రెండు నుండును. విద్యుత్తుతో నడుచు బండ్లకు మాత్రము ఇంజనే లేదు గనుక ఈ చింత లేదు.

మా యింట ఇప్పుడు ఏర్పాటు మాఱినది. లెక్కలపుస్తకమున చివరిపుట కారునకిచ్చితిని. అందు ఆయిలు మార్చిన తేది, అప్పటి కిలోమీటర్లు, పోసిన నూనె గుర్తు, మరల మార్చవలసిన తేది వ్రాసియుంచితిని. నెలకొకమారు, పాలవాని లెక్క తేల్చునాడే, డిప్‌స్టిక్కు చూచు పని నాదైనది. ఏటేట దసరా మొదటి వారములో, కారు తిరిగినను తిరుగకున్నను, ఆయిలు మార్పించుచున్నాము. పిమ్మటనే బంతిపూలు, నిమ్మకాయలు.

మొన్నటి విజయదశమినాడు కారునకు కుంకుమ పెట్టబోవుచుండగా అత్తగారు కఱ్ఱ యూతగ వాకిటికి వచ్చి, “అమ్మాయీ, ముందు కందెన చూచితివా?” యని యడిగిరి. చూచితినంటిని. “ఐతే పెట్టు” మనిరి.

సోదరీమణులారా! మీ వాకిట నిలిచిన బండి నేడు తిరుగకపోవచ్చును. ఏ రాత్రి దానితో పనిపడునో మనకు తెలియదు. ఈ సంచికను ప్రక్కన బెట్టినపిమ్మట ఒక్కమారు పోయి, కడపట ఆయిలు మార్చిన తేది యేదో చూడుడు. సంవత్సరము దాటినచో కిలోమీటర్లు లెక్కింపకుడు.